ప్లాన్ మార్చండి: మన హైస్కూలు ఆడిటోరియం గురించి పూర్వ విద్యార్థుల సంఘానికి బహిరంగ లేఖ

పూర్వ విద్యార్థుల సంఘం అధ్యక్షులకు, నిర్మాణ కమిటీ సభ్యులకు, చందా ఇచ్చిన, ఇవ్వబోతున్న అన్నలకు, అక్కలకు, నా తోటివాళ్లకు

నమస్కారం.

మీరు అందరికీ పంపిన ఆడిటోరియం ప్లాన్ నాకూ అందింది. మూడు రాత్రులు దాన్ని ముందేసుకుని కూర్చున్నాను. వెయ్యి సీట్లు, పైన గోపురం, కింద పాలరాయి, ముఖద్వారం పక్కన దాతల పేర్లతో ఒక గోడ. బొమ్మ చాలా అందంగా ఉంది. ప్రభుత్వ హైస్కూలు పిల్లలకు ఇంత పెద్ద హాలు ఉండాలని మీరు అనుకున్నందుకు ముందుగా మీకు దండం పెడుతున్నాను. ఎప్పుడో విడిపోయిన బ్యాచ్‌లను వెతికి పట్టుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, చందాకు ఒప్పించడం ఎంత ఓపిక ఉంటే జరిగే పనో నాకు తెలుసు.

అయినా ఈ ప్లాన్ ప్రకారం కట్టొద్దని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను. హాలు వద్దని అనడం లేదు. ఇది సభలకు పనికొస్తుంది, ప్రారంభోత్సవం ఫోటోలకు పనికొస్తుంది. పిల్లలు పాడటానికి, ఆడటానికి, నటించడానికి మాత్రం పనికిరాదు. మనం చందాలు అడిగింది పిల్లల కళల పేరు మీద. కాబట్టి వాళ్లకు పనికొచ్చేదే కట్టాలి.

నా పని హాళ్లలో సౌండు సరిచేయడం. ఇరవై ఏళ్లుగా అదే చేస్తున్నాను. కట్టేటప్పుడు ఎవరూ పిలవరు. కట్టి, రంగులేసి, రిబ్బను కత్తిరించాక, "మాట అర్థం కావట్లేదు, ఏదైనా చేయండి" అని పిలుస్తారు. అప్పటికి చేయగలిగేది కొంచెమే. అయ్యే ఖర్చు మాత్రం ముందే చేసుంటే అయ్యేదానికి ఎన్నో రెట్లు. అందుకే పునాది తీయకముందే చెబుతున్నాను.

నేను ఈ పనిలోకి రావడానికి కారణం కూడా మన పాత హాలే. ఎనిమిదో తరగతిలో నాటకం వేశాం. నాకు మొత్తం పదకొండు మాటలు. నెలన్నర రిహార్సల్ చేశాను. అమ్మ తొమ్మిదో వరుసలో కూర్చుంది. ఇంటికొచ్చాక నన్ను దగ్గరికి తీసుకుని, "నీ నోరు కదలడం చూశాను నాన్నా, ఏమన్నావో మాత్రం తెలియలేదు" అంది. గట్టిగా అరవనందుకు మాస్టారు మమ్మల్నే తిట్టారు. మర్నాటి నుంచి అందరం అరవడం నేర్చుకున్నాం. అరిచినకొద్దీ మాట ఇంకా పాడైపోయింది. నాతో పాటు పాట పాడాల్సిన అమ్మాయి, తన గొంతే బాగాలేదనుకుని, మళ్లీ స్టేజీ ఎక్కలేదు. తప్పు తన గొంతుది కాదని, ఆ నున్నటి సిమెంటు గోడలదీ రేకు కప్పుదీ అని తెలుసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. ఆ అమ్మాయికి ఎవరు చెప్పారో, అసలు ఎవరైనా చెప్పారో లేదో.

ఆ తప్పు ఎక్కడుందో మీకు అర్థమయ్యేలా చెబుతాను, ఎందుకంటే మీ ప్లాన్‌లో అదే తప్పు ఇంకా పెద్దగా ఉంది.

గట్టి గోడలున్న గదిలో మాట ఆగినా దాని మోత వెంటనే ఆగదు. గోడ నుంచి గోడకు కొట్టుకుంటూ కాసేపు గదిలోనే తిరుగుతుంది. ఆ మోత ఇంకా అణగకముందే తర్వాతి మాట వచ్చి దానిమీద పడుతుంది. అన్నీ కలిసి ముద్దయిపోతాయి. ఇందులో గొంతు చిన్నదా పెద్దదా అన్న ప్రశ్నే లేదు. అరిస్తే మోత కూడా అంతే పెరుగుతుంది. స్పీకర్లు పెంచినా అంతే.

ఈ సంగతిని లెక్కలోకి తెచ్చినవాడు వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం ఉపన్యాసాల గది కొత్తగా కట్టారు. లోపల మాట్లాడితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఒక మాట అంటే దాని మోత ఐదున్నర సెకన్లు నిలిచేది. దాన్ని సరిచేయమని సబీన్‌కు అప్పగించారు. ఆయన పగటి చప్పుడు లేని అర్ధరాత్రి వేళల్లో, దగ్గర్లో ఉన్న శాండర్స్ థియేటర్ సీట్ల దిండ్లు మోయించుకొచ్చి, గదిలో కొన్ని కొన్నిగా పరుస్తూ, ఒక ఆర్గన్ గొట్టం ఊది, మోత ఎంతసేపటికి చస్తుందో గడియారంతో కొలిచేవాడు. తెల్లారేలోపు దిండ్లు మళ్లీ థియేటర్లో పెట్టేయాలి. అలా ఏళ్లపాటు కొలిచాక తేలింది: గది ఎంత పెద్దదైతే మోత అంత ఎక్కువసేపు ఉంటుంది, లోపల శబ్దాన్ని పీల్చుకునేవి ఎన్ని ఉంటే అంత త్వరగా అణుగుతుంది. ఆ సూత్రంతో లెక్కగట్టి కట్టిన మొదటి పెద్ద హాలు 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు. ఇప్పటికీ ప్రపంచంలో మేలైన సంగీత మందిరాల్లో దాని పేరు చెబుతారు.

సూత్రం ఎంత సులువంటే మన బడి పదో తరగతి పిల్లలు చేయగలరు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, పీల్చుకునే వైశాల్యంతో (తగిలిన శబ్దాన్నంతా పీల్చేసుకునే ఎన్ని చదరపు మీటర్లకు సమానమో ఆ లెక్కతో) భాగిస్తే మోత ఎన్ని సెకన్లు ఉంటుందో వస్తుంది. పాతిక మీటర్ల పొడవు, పదిహేను మీటర్ల వెడల్పు, ఏడు మీటర్ల ఎత్తు ఉన్న హాలు అనుకోండి. 2625 ఘనపు మీటర్లు. నాటకానికి, మాటకు మోత ఒక సెకను దగ్గర ఉంటే బాగుంటుంది. అందుకు దాదాపు 420 చదరపు మీటర్ల పీల్చుకునే శక్తి కావాలి. ఒక మనిషి సుమారు అర చదరపు మీటరు పీల్చుకుంటాడు. నాలుగు వందల మంది కూర్చుంటే రెండు వందలు. మిగతా రెండు వందల ఇరవై ఎక్కడి నుంచి రావాలి? వెనక గోడ నుంచి, పైకప్పు వెనక భాగం నుంచి, మందపాటి తెరల నుంచి రావాలి. నున్నటి ప్లాస్టరు, పాలరాయి, గాజు దాదాపు ఏమీ పీల్చుకోవు. మీ ప్లాన్‌లో ఉన్నవన్నీ అవే. పైగా రిహార్సల్ జరిగేటప్పుడు సీట్లు ఖాళీగా ఉంటాయి కదా. ఖాళీ హాల్లో పిల్లలు ఏం వింటారో ఊహించండి. సీట్లకు మెత్తటి గుడ్డ ఉంటే మనుషులు లేకపోయినా కొంత పని చేస్తుంది. ప్లాస్టిక్ కుర్చీలు ఏమీ చేయవు.

గోపురం గురించి కూడా చెప్పాలి. గుంటగా వంగిన అద్దం వెలుగును ఒకచోటికి చేర్చినట్టు, లోపలికి వంగిన కప్పు శబ్దాన్ని ఒకచోటికి చేరుస్తుంది. ఆ చోట కూర్చున్నవాళ్లకు చెవులు గింగురుమంటాయి, రెండు సీట్లు పక్కకు జరిగితే ఏమీ ఉండదు. మీ ప్లాన్‌లో వెనక గోడ కూడా అర్ధచంద్రాకారంలో వంగి ఉంది. చివరి వరుస స్టేజీకి 34 మీటర్ల దూరం. స్టేజీ మీద మాట వెళ్లి ఆ గోడకు కొట్టుకుని ముందు వరుసకు తిరిగి రావడానికి ఐదో వంతు సెకను పడుతుంది. సెకనులో ఇరవయ్యో వంతు లోపల వచ్చిన శబ్దాన్నే మన చెవి అసలు మాటతో కలిపేసుకుంటుంది. అది దాటితే రెండోసారి వినపడినట్టు ఉంటుంది. ముందు వరుసలో ఉండే అతిథులకే ప్రతి మాటా రెండుసార్లు వినిపించే హాలు కట్టబోతున్నాం. గోపురం తీసేసి, వెనక గోడను తిన్నగా పెట్టి, దాన్ని మెత్తటి పదార్థంతో కప్పితే చాలు. స్టేజీకి దగ్గరి పైకప్పు మాత్రం గట్టిగానే ఉండనివ్వండి. పిల్లల గొంతును వెనక వరుసలకు నెట్టేది అదే. అన్నిటినీ మెత్తగా చేసేసినా హాలు మూగబోతుంది.

ఇక వెయ్యి సీట్ల మాట. ఏడాదికి ఎన్ని రోజులు నిండుతాయి? వార్షికోత్సవం రోజు ఒక్కటే. ఆ ఒక్క రోజు కోసం 34 మీటర్ల పొడవు కడుతున్నాం. ఇరవై మీటర్లు దాటాక నటించే పిల్లాడి ముఖంలో ఏముందో చూసేవాళ్లకు కనపడదు. నాలుగు వందల సీట్లతో కట్టి, వార్షికోత్సవాన్ని రెండు మూడు రోజులు జరపండి. ఇది సర్దుబాటు కోసం చెప్పే మాట కాదు. నాటకం వేసినవాళ్లను ఎవరినైనా అడగండి. మొదటి ప్రదర్శన భయంతోనే అయిపోతుంది. ప్రేక్షకులు ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ ఊపిరి బిగబడతారో తెలిసి, దానికి తగ్గట్టు ఆగడం, అందుకోవడం రెండో రోజే వస్తుంది. మన పిల్లలకు ఇంతవరకూ రెండో రోజు దొరకలేదు. నెలల తరబడి నేర్చుకున్నది ఒక్క సాయంత్రం వేసి మూట కట్టేస్తున్నారు.

తెర వెనక ఏముందో వెతికాను. ప్లాన్‌లో ముందు వైపు అతిథుల గది, దాని వెనక ఇంకో అతిథుల గది ఉన్నాయి. స్టేజీ వెనక ఉన్నది ఒకే ఒక్క చిన్న గది. ఆడపిల్లలు ఎక్కడ బట్టలు మార్చుకుంటారు? స్టేజీ వెనక బాత్రూమ్ లేదు. మేకప్ వేసుకున్న పిల్లలు జనం మధ్యలోంచి నడుచుకుంటూ బయటి బాత్రూమ్‌కు వెళ్లాలి. ఈ ఒక్క కారణంతో నాటకాల్లోకి ఆడపిల్లల్ని పంపని తల్లిదండ్రుల్ని నేను చూశాను. స్టేజీకి రెండు పక్కలా వింగ్స్ ఉండాల్సిన చోట మెట్లు పెట్టారు. స్టేజీ ముఖం పది మీటర్లు ఉంటే ఒక్కో పక్కా కనీసం ఐదు మీటర్లు ఖాళీ ఉండాలి. లేకపోతే ఇరవై మంది పిల్లలు తమ వంతు వచ్చేదాకా ఎక్కడ నిలబడతారు, సెట్ ఎక్కడ పెడతారు? ర్యాంపు ముఖద్వారం దగ్గర ఉంది, మంచిదే. చక్రాల కుర్చీలో ఉన్న పిల్ల చూడటానికే రావాలా, స్టేజీ ఎక్కకూడదా? చాలా దేశాల నియమాల ప్రకారం ర్యాంపు 1:12 కన్నా (అంటే పన్నెండు మీటర్ల పొడవుకు ఒక మీటరు ఎత్తు కన్నా) నిటారుగా ఉండకూడదు. స్టేజీ ఎత్తు 90 సెంటీమీటర్లు పెట్టారు కాబట్టి దాదాపు పదకొండు మీటర్ల ర్యాంపు కావాలి. ఇప్పుడు గీస్తే తేలిక, గోడలు లేచాక చోటు దొరకదు.

స్టేజీ నేల పాలరాయి వద్దు. దయచేసి. సిమెంటు మీద నేరుగా పరిచిన రాయి మీద రోజూ పాదం కొట్టి నాట్యం చేసే పిల్లలకు మోకాళ్లు, పిక్కలు పాడవుతాయి. చెక్క దూలాల మీద చెక్క పలకలు, మధ్యలో కాస్త స్ప్రింగులా ఒదిగే పొర. అంతే కావాలి.

నన్ను అడిగితే ఆడిటోరియం కన్నా ముందు కట్టాల్సింది రెండు రిహార్సల్ గదులు. ఆడిటోరియంలో పిల్లలు ఏడాదికి పది రోజులు గడుపుతారు. నేర్చుకునేది మాత్రం రోజూ. ఇప్పుడు వాళ్లు పాట ఎక్కడ నేర్చుకుంటున్నారు? లెక్కల క్లాసు పక్కన వరండాలో. అటు లెక్కలూ సాగవు, ఇటు పాటా సాగదు. తరగతి గదుల్లో మోత 0.6 సెకన్లకు, పాఠం జరిగేటప్పుడు గదిలో వినిపించే ఇతర చప్పుడు 35 డెసిబెళ్లకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. సంగీతం గదికీ తరగతి గదికీ మధ్య సామాన్ల గది పెడితే సగం సమస్య తీరిపోతుంది. మిగతా సగం తలుపు కింద సందు. ఆ సందుకు రబ్బరు పట్టీ వేస్తే చాలు. ఇంత చిన్న పనులివి.

భద్రత దగ్గర మాత్రం నేను గట్టిగా మాట్లాడక తప్పదు. 1903 డిసెంబరు 30న షికాగోలో ఇరోక్వా అనే థియేటర్ తగలబడింది. తెరిచి నెలన్నర కూడా కాలేదు. మంటలు అంటుకోనే అంటుకోవని ప్రకటనలు ఇచ్చిన భవనం అది. సెలవుల్లో పగటి ఆట కావడంతో పిల్లలు, తల్లులు ఎక్కువగా వచ్చారు. స్టేజీ పక్కనున్న దీపం నుంచి నిప్పురవ్వ తెరకు అంటుకుంది. మంటను ఆపాల్సిన తెర సగంలో ఇరుక్కుపోయింది. కొన్ని తలుపులకు తాళాలు, కొన్ని లోపలికి తెరుచుకునేవి. ఆరు వందల మందికి పైగా చనిపోయారు. తోస్తే బయటికి తెరుచుకునే అడ్డపట్టీ తలుపులు వాడుకలోకి రావడానికి ఆ విషాదమే కారణం. మన ప్లాన్‌లో వెయ్యి మందికి మూడు తలుపులు ఉన్నాయి. అందులో ఒకటి అతిథుల గదిలోంచి. ఆ గదికి తాళం వేసి ఉంటుందని మనందరికీ తెలుసు. ఫైర్ అధికారుల అనుమతి కాగితాన్ని చివర్లో తెచ్చుకునేదిగా చూడకండి. ఇప్పుడే వాళ్లను పిలిచి ప్లాన్ చూపించండి. తెరలన్నీ నిప్పు అంటుకోని గుడ్డతోనే కుట్టించండి. లైట్లు ఎల్‌ఈడీవే తీసుకోండి. పాత రకం స్టేజీ లైటు ఒక్కొక్కటి వెయ్యి వాట్లు తాగుతుంది, పొయ్యిలా కాలుతుంది.

డబ్బు దగ్గరికి వస్తాను. మీరు చెప్పిన మొత్తం అంతా నిర్మాణానికే పోతోంది. మెయింటెనెన్స్‌కు ఒక్క పైసా చూపించలేదు. ప్రభుత్వ భవనాల గురించి అమెరికాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1990లో ఒక లెక్క చెప్పింది. భవనాన్ని ఇవాళ మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందో, అందులో రెండు నుంచి నాలుగు శాతం ప్రతి ఏడూ నిర్వహణకు ఖర్చుపెట్టాలని. మన బడి బడ్జెట్‌లో అది ఎక్కడుంది? సుద్దముక్కలకే ఇబ్బంది పడే హెడ్మాస్టరు కాలిపోయిన ఆంప్లిఫయర్ ఎలా బాగుచేయిస్తారు? అందుకని వసూలైన ప్రతి వందలో ముప్పై పక్కన పెట్టి మూలనిధిగా బ్యాంకులో వేయండి. అసలు ముట్టుకోకూడదు, వడ్డీ మాత్రమే వాడాలి. ఆ వడ్డీలో కొంత మరమ్మతులకు, కొంత బడికి వచ్చి నేర్పే కళాకారుల పారితోషికానికి. నేర్పేవాళ్లు లేని హాలుకు తాళం పడటానికి ఎక్కువ కాలం పట్టదు. సీట్లు తగ్గించి, గోపురం, పాలరాయి తీసేస్తే ఈ ముప్పై దానంతట అదే మిగులుతుంది.

దాతల గోడ గురించి చెప్పడానికి నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది, మీలో కొందరి మనసు నొచ్చుకోవచ్చు. ఒక మొత్తం దాటి ఇచ్చినవాళ్ల పేర్లే చెక్కుతామన్నారు. నా బ్యాచ్‌లో ఒకడు ఆ మొత్తం చూసి, "నేనిచ్చేది మీకు ఆనదులే" అని మెసేజ్ పెట్టి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. బడిలో మా అందరికన్నా బాగా డప్పు వాయించింది వాడే. 1885లో న్యూయార్కులో స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ నిలబెట్టే పీఠానికి డబ్బు చాలక పని ఆగిపోతే, జోసెఫ్ పులిట్జర్ తన పత్రికలో పిలుపునిచ్చాడు. ఎంత చిన్న మొత్తం ఇచ్చినా పేరు అచ్చువేస్తానన్నాడు. కొద్ది నెలల్లోనే లక్ష డాలర్లకు పైగా పోగయ్యాయి. ఇచ్చినవాళ్లు లక్ష మందికి పైనే, చాలామంది ఇచ్చింది ఒక్క డాలరు కూడా కాదు. మన గోడ మీద కూడా అందరి పేర్లూ అక్షరక్రమంలో, మొత్తాలు లేకుండా, ఒకే సైజు అక్షరాలతో ఉండనివ్వండి. ఖర్చుల లెక్క నెలనెలా బిల్లులతో సహా అందరికీ పంపండి. పెద్ద మొత్తం ఇచ్చిన అన్నలు దీనికి అడ్డు చెప్పరనే నా నమ్మకం.

ఇంకొకటి. కట్టేది ప్రభుత్వ స్థలంలో. కట్టాక అది మనది కాదు, బడిది. ఎప్పుడు ఎవరికి ఇవ్వొచ్చో, పిల్లల రిహార్సల్‌కు ఏ వేళలు వదలాలో, అద్దె వస్తే అది ఎక్కడికి వెళ్లాలో విద్యాశాఖతో ముందే రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. అలాగే, మనం డబ్బిచ్చాం కాబట్టి ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. కళల్లో, సాంస్కృతిక జీవితంలో పాల్గొనడం పిల్లల హక్కు అని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 1989లోనే 31వ అధికరణంలో రాసింది. సంగీతం టీచరు, డ్రాయింగ్ టీచరు పోస్టులు భర్తీ చేయమని మనం సంఘం తరఫున అడుగుతూనే ఉండాలి. పూర్వ విద్యార్థులు స్తోమత ఉన్నవాళ్లయిన బడికి హాలు వస్తుంది. లేనివాళ్ల బడికి రాదు. మన పక్క బడి పిల్లలు కూడా ఈ హాల్లో ప్రదర్శన ఇచ్చేలా ఒప్పందంలో ఒక వాక్యం చేర్చండి.

నేను ఇస్తానన్న చందా ఇచ్చేస్తాను. మీరు ప్లాన్ మార్చినా మార్చకపోయినా అది వెనక్కి తీసుకోను. సౌండు లెక్కలన్నీ ఉచితంగా చేసిపెడతాను. ఆర్కిటెక్టుతో ఎన్నిసార్లయినా కూర్చుంటాను. ప్లాన్ కాపీ మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టి ఈ లేఖతో పాటు పంపుతున్నాను.

అడిగేది ఒక్కటే. వచ్చే మీటింగ్ పాత హాల్లో పెట్టండి. ఇప్పుడు చదువుతున్న పిల్లల్ని ఒక పదిమందిని, వాళ్ల టీచర్లను కూడా పిలవండి. ఒక పాప స్టేజీ మీద నిలబడి, మీకు ముందుగా తెలియని యాభై మాటలు ఒక్కొక్కటిగా చదువుతుంది, మామూలు గొంతుతో, మైకు లేకుండా. మీకు వినపడినవి రాయండి. తర్వాత సరిచూసుకుందాం. చీటీలు, పెన్సిళ్లు నేను తెస్తాను. మీరు తొమ్మిదో వరుసలో కూర్చోండి.

ఇట్లు,
మన బడి పూర్వ విద్యార్థి, సౌండ్ ఇంజనీరు